ప్రక్కసీటు ప్రశ్న

కారు నిర్మాణమును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యెందులకని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. మేము యంత్రశాస్త్రము చదివినవారము కాము. మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే అమరమును, రఘువంశమును, భారతమున కొన్ని పర్వములను చెప్పిరి. అంతటితో మా చదువు సరి. గేరనగా నేమో, పిస్టననగా నేమో మావారు చెప్పగా తెలిసికొన్న వారమే. వారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్నారు. అయినను మేమిచ్చట వ్రాయబోవునది యంత్రమును గూర్చి కాదు. ఆ యంత్రములో ఆడుది కూర్చుండు చోటును గూర్చి. దానిని మనము విచారింపకున్న మరెవరు విచారింతురు?

మా తమ్ముడు అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. వానికి పసితనమునుండియు వాహనములనిన వ్యామోహము. వాని భార్య యిప్పుడు గర్భవతి. బిడ్డ పుట్టులోపల మంచి కారు కొనవలెనని వాడు నిశ్చయించి మాకొక దీర్ఘమైన లేఖ వ్రాసెను. వాడు మోజుపడినది ‘స్పోర్ట్సు సెడాను’ అను జాతి కారు. నాలుగు తలుపులు, వెనుక సామానుపెట్టె కలిగి సంసారపక్షముగా కనబడుచు, లోపల మాత్రము పందెపు గుఱ్ఱమువంటి ఇంజనుండునట్టిది. పాత రూపమును పూర్తిగా మార్చి క్రొత్తగా నిర్మించినారట. ఇంజను బలమెంత, ఎన్ని సెకనులలో నెంత వేగ మందుకొనును, మలుపులలో నెట్లు నిలద్రొక్కుకొనును, చక్రము లెంత వెడల్పు — ఈ వర్ణన యంతయు ప్రబంధమువలె సాగి, చివర నొక్క వాక్యము: ‘అక్కయ్యా, సేఫ్టీ కూడ మిక్కిలి బాగుపఱచినారు.’

ఆ లేఖ యడుగున మా మరదలు రెండు పంక్తులు చేర్చినది. ‘వదినగారూ, నడుపువారు వారు. ప్రక్కన కూర్చుండుదానను నేను. నాకు రంగు ఎంచుకొమ్మని మాత్రము చెప్పినారు.’

ఈ రెండు పంక్తులు మమ్ము విడువలేదు. పిల్లలు నిద్రించిన పిమ్మట మావారును మేమును నాలుగైదు రాత్రులు కూర్చుండి, ఆ దేశమున కార్లను గోడకు కొట్టి పరీక్షించువారు ప్రకటించిన చలనచిత్రములను, నివేదికలను చూచితిమి. మావారు అర్థము చెప్పిరి. మేము ప్రశ్నలు వేసితిమి. తెలిసిన సంగతులు కొన్ని మన సోదరీమణులు కూడ వినదగినవిగా తోచినవి.

మొదట నొక మాట. బండి ఎంత గట్టిదైన అంత క్షేమమని మనవారి నమ్మకము. మా మామగారి కాలపు కార్ల రేకు మందమును గూర్చి ఇప్పటికిని మా యింట పొగడ్తలు వినవచ్చును. ఆవకాయ జాడీని దూరదేశము పంపునపుడు మనమేమి చేయుదుము? జాడీని నేరుగా కొయ్యపెట్టెలో నుంచము. చుట్టును గడ్డి కూరుదుము. పెట్టె క్రిందపడినచో గడ్డి నలుగును, జాడీ నిలుచును. కారు ముంగటి భాగము గడ్డి. మనుజులు కూర్చుండు గది జాడీ. మొదటిది నలుగవలెను, రెండవది నలుగరాదు. ఈ సూత్రమును బేలా బారెన్యీ అను ఇంజనీరు మెర్సిడిస్ సంస్థలో నుండగా 1951లో కనిపెట్టెను; 1959లో ఆ సంస్థ దానిని తన సెడాను కార్లలో అమలుపఱచినది. ఆ 1959లోనే వోల్వో సంస్థలో నిల్స్ బోలిన్ అను నాతడు నడుమునకును భుజమునకును కలిపి కట్టు మూడుకొనల బెల్టును సిద్ధపఱచెను. గడ్డి, జాడీ, జాడీమీది వాసెనకట్టు — మూడును ఒక్క సంవత్సరముననే కారులోనికి వచ్చినవి. అటుతరువాత బెలూనువలె ఉబ్బు ఎయిర్‌బ్యాగులు, చక్రము బిగిసిపోకుండ కాచు బ్రేకులు మున్నగునవి చేరినవి.

మావారు పలకమీద లెక్క వేసి చూపిరి. గంటకు 64 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను తాకుట, 16 మీటర్ల యెత్తునుండి, అనగా ఐదంతస్తుల మేడ మీదినుండి నేలకు పడుటతో సమానము. ముంగటి భాగము నలిగినందువలన లోనివారు 60 సెంటీమీటర్ల దూరములో ఆగినచో సగటున తమ బరువునకు 27 రెట్ల బలము వారిమీద పనిచేయును. అదే 10 సెంటీమీటర్లలో ఆగవలసివచ్చిన 160 రెట్లు. కావుననే నలుగుట యంత యవసరము. 27 రెట్లన్న మాట విని మేము మఱియొక లెక్క యడిగితిమి: ఒడిలో 15 కిలోల బిడ్డ యున్నచో? బిడ్డను పట్టి యుంచుటకు తల్లి చేతులు 400 కిలోల బరువును, అనగా ఐదు ధాన్యపు బస్తాలకు మించిన దానిని, ఆపవలసివచ్చును. ఏ తల్లి చేతులకైన నది శక్యమా? ‘నేను గట్టిగా పట్టుకొందును లెండి’ అని మనము కారెక్కునపుడెల్ల చెప్పు మాటకు విలువ యింతే.

ఇప్పుడు అసలు కథ. అమెరికాలో భీమా సంస్థలవారు 1959లో స్థాపించిన ‘ఇన్సూరెన్సు ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ’ అను సంస్థ కలదు. దాని పరీక్షాశాల మా తమ్ముడున్న వర్జీనియాలోనే రకర్స్‌విల్ అను నూరిలో నున్నది. వారు కారును గోడకు కొట్టి, లోనుంచిన మనుష్యప్రమాణపు బొమ్మలకు తగిలిన దెబ్బలను కొలిచి, కార్లకు నాలుగు తరగతులు నిర్ణయింతురు. మనము వానిని మంచిది, ఫరవాలేదు, అంతంతమాత్రము, అధమము అని చెప్పుకొందము. చాలకాలము వారి పరీక్ష కారు ముఖభాగమున నూటికి 40 వంతులు తాకునట్లుండెడిది. క్రమక్రమముగా కార్లన్నియు అందులో ఉత్తీర్ణములు కాజొచ్చినవి. అయినను ముంగటి తాకిడులలో జనులు మరణించుట మానలేదు. కారణ మరయగా, చెట్టునో స్తంభమునో ఎదుటి బండి మూలనో ముఖపు అంచుతో మాత్రము తాకిన ప్రమాదము లనేకము కనబడినవి. అంతట 2012లో ఆ సంస్థవారు క్రొత్త పరీక్ష పెట్టిరి. అదే 64 కిలోమీటర్ల వేగము. కాని డ్రైవరు వైపు అంచున నూటికి 25 వంతులు మాత్రము గట్టి అడ్డుగోడను తాకును.

ఇందులోని సూక్ష్మ మిది. కారు ముందు భాగమున బలమంతయు రెండు ఉక్కు దూలములలో నుండును. ఆ రెండును ముఖపు మధ్యభాగమున నున్నవి. అంచున తాకినపుడు దూలమునకు పనియే లేదు. గోడ దూలమును తప్పించుకొని తిన్నగా ముందుచక్రమును పట్టుకొనును. చక్రము వెనుకకు నెట్టబడి, డ్రైవరు పాదము లుంచు తావులోనికి చొచ్చుకొని వచ్చును. గడ్డి యంతయు ఒకవైపు, దెబ్బ మఱియొకవైపు!

పురాణము చెప్పువారు కైకేయి వరముల కథలో, యుద్ధమున దశరథుని రథపు టిరుసు సీల జారిపోగా ఆమె తన వ్రేలినే సీలగా నిలిపి రథమును కాచెనని వర్ణింతురు. వాల్మీకమున ఈ వ్రేలి మాట లేదు; మూర్ఛిల్లిన భర్తను రణభూమినుండి తొలగించి కాపాడెనని మాత్రమే కలదు. అయినను చక్రము చెడినచో రథములోనివారి గతి యేమగునో ఆ కథ కల్పించినవారికి బాగుగా తెలియును. ఆ చిత్రములను చూచుచున్నపుడు మాకీ సంగతి పలుమాఱులు జ్ఞప్తికి వచ్చినది.

2012 ఆగస్టులో వెలువడిన మొదటి ఫలితములు చదువరులను దిగ్భ్రమపఱచునట్టివి. పరీక్షించినవి పదకొండు సెడానులు. అన్నియు ఖరీదైనవి, పేరుపొందినవి, అందులో పలువి స్పోర్ట్సు సెడానులే. ‘మంచిది’ అనిపించుకొన్నవి రెండు: అక్యూరా టి.ఎల్., వోల్వో ఎస్ 60. ఇన్ఫినిటి జి ‘ఫరవాలేదు’ అనిపించుకొన్నది. తక్కిన యెనిమిదియు అంతంతమాత్రములు లేక అధమములు. మెర్సిడిస్ సి-క్లాసులో చక్రము వెనుకకు రాగా బొమ్మ కుడిపాదము బ్రేకు పెడలు క్రింద చిక్కుకొన్నది. ఫోక్స్‌వాగన్ సి.సి. కారు తలుపు కీళ్లతో నూడిపోయినది. లెక్సస్ ఐ.ఎస్.లో లోపలి గది చొట్టపడిన లోతు, వోల్వోతో పోల్చగా కొన్నిచోట్ల పదిరెట్లు. బ్రహ్మాండమైన ధర పెట్టి కొన్న కార్ల గతి యిది.

వోల్వో ఎస్ 60 మాత్రమెట్లు నిలిచినది? దానిని 2010లో ఆ సంస్థవారు పూర్తిగా మార్చి, వంపుసొంపులతో వేగప్రియుల కొఱకు తయారుచేసిరి. అయినను లోపల, చక్రమునకు పైనుండి పోవు ఉక్కు కమ్మిని బలపఱచి, డ్రైవరు ఎదుటి పలకక్రింద అడ్డముగా నొక ఉక్కు దూలమును పెట్టిరి. అవి గదిని నలుగనీయలేదు. ఇంతకును అంచు పరీక్ష ఆ సంస్థకు క్రొత్తది కాదు. 1980ల చివరినుండియు వారు తమ పరీక్షాశాలలో అట్టిదానిని తామే చేసికొనుచు వచ్చిరి. ఎవరును అడుగకుండగనే!

ఇది విని మావారు పకపక నవ్విరి. ‘మా తరగతిలో నిట్టి విద్యార్థి యేటికొక్కడు కూడ రాడు. తక్కినవారు ప్రశ్నాపత్రమున వచ్చు ప్రశ్నలకే చదువుదురు’ అనిరి. కార్లు చేయువారిని గూర్చి ఇంత క్లుప్తమైన వ్యాఖ్యానము మేమెచ్చటను చూడలేదు. పరీక్ష మారినపుడు వారు చదివిరి; అదియు నిజమే. ఆ తరువాతి యేండ్లలో రూపము మార్చి వచ్చిన కార్లలో తలుపుకీలు స్తంభమును, గుమ్మము క్రింది దూలమును బలపఱచిరి. బంపరును అంచులవరకు సాగదీసిరి. గోడను తాకగనే కారు ప్రక్కకు జారిపోవునట్లు ముందు మూలలలో క్రొత్త కొమ్ములు చేర్చిరి. ప్రక్క తెరవలె దిగు ఎయిర్‌బ్యాగును ఇంకను ముందునకు సాగించిరి. అధమములు మంచివైనవి. ప్రకటనలలో నక్షత్రములు మెరసినవి.

అయితే ప్రశ్నాపత్రమున నున్నది డ్రైవరు వైపే గదా!

2016లో ఆ సంస్థవారికే సందేహము కలిగి, డ్రైవరు వైపు ‘మంచిది’ అనిపించుకొన్న ఏడు చిన్న ఎస్.యు.వి. బండ్లను తీసికొని, రెండవ వైపు, అనగా ప్రక్కసీటు వైపు, అదేవిధముగా కొట్టి చూచిరి. ఏడింటిలో ఒక్కటే, 2016 నాటి హ్యుండాయి టూసాన్, ఆ వైపునను మంచిదని తేలినది. 2015 నాటి టొయోటా రావ్ 4 అధమమైనది. ప్రక్కసీటు తలుపు తెఱచుకొనిపోయినది. డ్రైవరు వైపుకంటె 13 అంగుళములెక్కువ లోనికి చొచ్చుకొనివచ్చినది. పైకి రెండువైపుల నొకటే రంగు, ఒకటే మెఱుపు. లోపల ఒకవైపు దిట్టమైన ఉక్కు, రెండవవైపు పాతదే. ఆ దేశమున డ్రైవరు ఎడమవైపు కూర్చుండును. కావున కుడివైపు కూర్చుండువారికి — ఎవరికని మేము చెప్పవలెనా? — ఆ క్రొత్త నిర్మాణపు ఫలము దక్కలేదు.

ఇందులో దురుద్దేశ మున్నదని మేమనము. ఎక్కువ ప్రయాణములలో బండిలో డ్రైవరొక్కడే యుండును, ముందు వానిని కాపాడుదమని యొక న్యాయము చెప్పవచ్చును. ఉక్కు చేర్చిన బరువు పెరుగును, ఖర్చు పెరుగును. కాని కొనువారు బండిని సగము ధరకు కొనుట లేదు గదా. ఇంటిలో మగవారికి వెన్న, ఆడవారికి మజ్జిగ వడ్డించు పద్ధతి మనవారికే గలదనుకొంటిమి; ఉక్కు వడ్డించుటలోను కలదని తెలిసి నవ్వవలెనో యేడ్వవలెనో తోచలేదు.

నివేదిక బయటపడిన పిదప 2017లో ప్రక్కసీటు వైపు అంచుపరీక్ష కూడ నియతముగా మొదలైనది. మొదటి విడత పదమూడు మధ్యరకపు కార్లలో పది మంచివని తేలినవి. 2015లో పూర్తిగా మార్చి, నాలుగు తలుపుల స్పోర్ట్సు కారని చాటుచు తెచ్చిన నిస్సాన్ మాక్సిమా వానిలో నొకటి. ఎస్.యు.వి.లతో పోల్చినచో సెడానుల మర్యాద కొంత నిలిచినదనవలెను. అడిగినచో చేయగలరనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? మఱి అడుగువారు ఎవరు?

ఇంక వెనుకసీటు. పిల్లలును, వారిని కనిపెట్టుకొని తల్లులును, అత్తలును కూర్చుండునది యదే. 2022లో అదే సంస్థ వెనుకటి 40 వంతుల పరీక్షనే సవరించి, డ్రైవరు వెనుక నొక చిన్న బొమ్మను కూర్చుండబెట్టినది. అది పొట్టి స్త్రీకి గాని పండ్రెండేండ్ల పిల్లకు గాని సమానమగు ప్రమాణము. ఫలితము మరల పాతకథయే. 2023లో ఏడు మధ్యరకపు కార్లను పరీక్షింపగా, ఆ సంవత్సరపు నమూనాకు క్రొత్తగా మార్చిన హోండా అకార్డు ఒక్కటే మంచిదనిపించుకొన్నది. ముందుసీటు బెల్టునకు, తాకిడి కలిగిన క్షణమున బిగియు యంత్రమొకటి, రొమ్మును నొక్కివేయకుండ కొంచెము సడలు యంత్రమొకటి, రెండును కూర్చుదురు. వెనుకసీటు బెల్టులకు అవి లేని కార్లనేకము. క్రొత్త కార్లలో బెల్టు ధరించి వెనుక కూర్చున్నవారికి ముందు కూర్చున్నవారికంటె ప్రాణాపాయము నూటికి 46 వంతులధికమని వారి లెక్క. వెనుకసీటు చెడిపోయినదని దీని యర్థము కాదు. ముందుసీటు బాగుపడుచుండగా అది యున్నచోటనే యుండిపోయినదని యర్థము. పదుమూడేండ్లలోపు పిల్లలకు మాత్రము ఇప్పటికిని వెనుకసీటే క్షేమమని వారే రూఢిగా చెప్పుచున్నారు. దీనిని మఱచి పిల్లలను ముందునకు తెత్తురేమో యని యీ మాట వ్రాయుచున్నాము.

ఆ బొమ్మలకు కలిగిన దోషములలో నొకటి విశేషముగా చెప్పవలెను. తాకిడిలో శరీరము క్రిందికి జారి, తుంటి యెముకమీద నుండవలసిన బెల్టు మెత్తని పొట్టమీదికి ఎక్కును. ఎముక బలమును ఓర్చుకొనును, ప్రేవులు ఓర్చుకొనలేవు. గర్భవతి సంగతి వేఱుగ చెప్పనేల? కావుననే వైద్యులు గర్భవతులకు బెల్టు మానుమని చెప్పరు. క్రిందిపట్టీని కడుపునకు దిగువన తుంటిమీదుగాను, పైపట్టీని రొమ్ముల నడుమనుండి కడుపు ప్రక్కగాను పోనిచ్చి ధరింపుమందురు. మా మరదలికి మేము మొట్టమొదట వ్రాసిన దిదియే. కారు మాట తరువాత.

శరీరభేదమును గూర్చియు రెండు మాటలు. వర్జీనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో, బెల్టు ధరించిన స్త్రీ డ్రైవర్లకు తీవ్రమైన గాయము కలుగు నవకాశము పురుషులకంటె నూటికి 47 వంతులధికమని ప్రకటించిరి. 2021లో పైన చెప్పిన భీమా సంస్థవారే మరల విచారించి, అందులో పెద్దభాగము స్త్రీలు నడుపు బండ్లు చిన్నవగుట, తాకిడులలో తాకబడిన బండి వారిదే యగుట మున్నగు కారణములవలన కలిగినదని తేల్చిరి. కాని కాళ్ల గాయములలో మాత్రము స్త్రీలకు భేద మధికముగనే మిగిలినది. మావారు రెండవ విచారణను చదివిన పిమ్మటనే మొదటిదానిని మమ్ము వ్రాయనిచ్చిరి. చక్రము వచ్చి పడునది పాదములమీదనే యని చదువరులు మఱువరాదు. చిన్న స్త్రీ యని చెప్పి వారు చిరకాలముగా వాడు బొమ్మ కూడ, పురుషుని బొమ్మను కుదించి చేసినదేయట. మా దర్జీ పెద్దచొక్కాను కత్తిరించి రవికె కుట్టిన చందము.

ఇన్నియు తెలిసికొన్న పిమ్మట మా తమ్మునికి మేము వ్రాసిన జాబు చిన్నది. ‘నాయనా, ఇంజనును గూర్చి నీవు వ్రాసినదంతయు బాగున్నది. మూడు సంగతులు కనుగొనుము. అంచుపరీక్షలో నీవైపు ఏ తరగతి? అమ్మాయి వైపు ఏ తరగతి? వెనుకసీటు ఏ తరగతి? మూడింటికి సమాధానము వచ్చిన పిదప రంగు సంగతి చూడవచ్చును.’ వాడు మొదట కినిసెను. స్పోర్ట్సు సెడాను కొనువానికి అక్కయ్య ప్రశ్నాపత్రమిచ్చుట యేమని కాబోలు! రెండు దినములకు సమాధానము వచ్చినది. వాడు మోజుపడిన బండి తన వైపు మంచిది, భార్య వైపు మంచిది, వెనుకసీటున అధమము. బిడ్డకు వేసెడి ప్రత్యేకపు ఆసనమునకు ఆ తరగతి నేరుగా వర్తింపదని వాడు వాదించెను; అది కొంత సత్యమే, ఆ బొమ్మ శిశువు కాదు. ‘ఆ బిడ్డ పండ్రెండేండ్లదగువఱకు ఈ కారు నుంచుకొనవా?’ అని మేమడిగితిమి. ‘మీ అమ్మ కాన్పునకు వచ్చినపుడు ఎచ్చట కూర్చుండును?’ అనియు నడిగితిమి. ఇపుడు వాడు మఱియొక కారు చూచుచున్నాడు. ఇంజను కొంచెము చిన్నదట. మా మరదలు వెనుకసీటున తానే కూర్చుండి, బెల్టు పెట్టుకొని, పట్టీ యెచ్చట పడుచున్నదో చూచి వచ్చినదని వ్రాసినది. రంగు సంగతి వ్రాయలేదు.

మన దేశమునను ఈ పరీక్షలు వచ్చినవి. 2023 అక్టోబరు 1వ తేదీనుండి ‘భారత్ ఎన్‌క్యాప్’ అను పేర నక్షత్రములిచ్చుచున్నారు. దాని తొలి నియమావళిలో ముందుసీట్లు రెండింట పురుషప్రమాణపు బొమ్మలను, వెనుక ఏడాదిన్నర శిశువు, మూడేండ్ల బిడ్డ బొమ్మలను నుంచిరి. వెనుక కూర్చుండు పెద్దవారి బొమ్మ అందులో లేదు. చట్టము మాత్రము వెనుకవారిని మఱువలేదు. వెనుకసీటున బెల్టు లేనివారికి 1000 రూపాయల జరిమానా 2019 సవరణ నాటినుండి యున్నది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రములోని పాల్ఘర్ వద్ద పారిశ్రామికుడు సైరస్ మిస్త్రీ కారు ప్రమాదమున మరణించినపుడు, వెనుకసీటున నున్న ఆయన బెల్టు ధరింపలేదని పోలీసులు చెప్పిరి. కొన్ని వారములు ఊరూర నదే మాట. తరువాత మఱచిరి.

మఱచినారనుటకు నిదర్శనము దూరమేగి వెదుకనక్కఱలేదు. గడచిన మాఘమాసమున మేము రాజమహేంద్రవరమునుండి అన్నవరము పోవుటకు అద్దెకారు మాటాడుకొంటిమి. మావారు ముందు, మేమును అత్తగారును చిన్నపిల్లయు వెనుక. వెనుకసీటున బెల్టు పట్టీ భుజముప్రక్కన వ్రేలాడుచున్నది గాని, దానిని తగిలించు కొక్కెము కానరాలేదు. వెదుకగా సీటునకు తొడిగిన తోలుకవరు క్రింద దాగియున్నవి, మూడును.

‘ఎవరూ అడగరమ్మా, కూర్చుంటే గుచ్చుకుంటాయని లోపలికి తోసేశాం’ అన్నాడు డ్రైవరు.

అతడు మంచివాడే. కవరు కుట్లు రెండుచోట్ల విప్పి, కొక్కెములను పైకి లాగి, నోటితో ఊది దుమ్ము పోగొట్టెను. దానికి పావుగంట పట్టినది. మా అత్తగారు చీరకుచ్చెళ్లు నలుగునని గొణిగిరి. ‘ఈ వయసులో నన్ను కట్టేస్తారా అమ్మా?’ అనిరి. మేము పట్టీని ఆమె పొట్టమీదినుండి క్రిందికి జరిపి, తుంటిమీద సరిపెట్టి, పైపట్టీ మెడను ఒఱయకుండ చీరకొంగును మడచి యుంచితిమి. జగ్గంపేట దాటువఱకు ఆమె పలుకలేదు. కత్తిపూడి సమీపించునప్పటికి తల ప్రక్కకు వాలి నిద్రపోవుచుండిరి. పట్టీ ఆమెను నిలువుననే పట్టియుంచినది.